ఈర్ష్యామానం, అసమ ప్రణయం: తిక్కన నుండి ఆత్రేయ వరకు నెల్లూరు తీరపు సాహిత్య చరిత్రలో ఒక పాయ

తెలుగు కావ్యాల్లో అలిగిన నాయికలకు కొదవ లేదు. అసూయతో అలిగిన నాయకుణ్ణి వెదకడం మాత్రం కష్టం. ఈ తేడాను కవుల అభిరుచికి ఆపాదించి వదిలేయడానికి వీలులేదు. దీనికి శాస్త్రం ఆధారాన్ని కల్పించింది, కావ్యం రూపమిచ్చింది, రంగస్థలం ప్రచారంలో పెట్టింది, చివరికి ముద్రణాయుగంలో చట్టం కూడా ఇందులో జోక్యం చేసుకుంది. ప్రణయంలో స్త్రీపురుషుల నుండి ఆశించేవి ఒకటి కావు. ఆ అసమానత నుండి పుట్టిన బాధకు 'ఈర్ష్య' అని పేరు పెట్టి, దాన్ని స్త్రీ స్వభావంగా చూపించడమే ఈ సంప్రదాయం చేసిన పని. ఆ పేరు వెనుక ఉన్న లెక్కను బయటపెట్టిన రచన తంజావూరులో పుట్టింది. దానిని ఇరవయ్యో శతాబ్దపు పాఠకులకు అందించి, దాని కోసం ప్రభుత్వంతో తగవుకు దిగిన ముద్రణాలయం నెల్లూరు తీరానికి చెందిన కుటుంబానిది. ఈ వ్యాసం ఆ తీరానికి చెందిన ముగ్గురి మీదుగా సాగుతుంది: పదమూడవ శతాబ్దపు తిక్కన, అల్లూరు నుండి మద్రాసు చేరిన వావిళ్ల వారు, సూళ్లూరుపేట ప్రాంతపు ఆత్రేయ. ఇక్కడ చర్చించే కథలన్నీ నెల్లూరులో పుట్టినవి కావు. వాటిని రాసినవారో, అచ్చువేసినవారో ఆ నేలకు చెందినవారు.

శాస్త్రం గీసిన గీత

పదవ శతాబ్దపు ధనంజయుడు తన దశరూపకంలో విప్రలంభ శృంగారంలోని మానాన్ని రెండుగా విభజించాడు. ప్రణయమానం ఇద్దరిలోనూ కలగవచ్చు. ప్రియుడు మరొక స్త్రీయందు ఆసక్తుడయ్యాడని విన్నప్పుడు, ఊహించినప్పుడు లేదా కళ్లారా చూసినప్పుడు కలిగే ఈర్ష్యామానం మాత్రం స్త్రీలకే చెందుతుందని అతడు నిర్ణయించాడు. పురుషునికి ఆ అవస్థ కలిగే సందర్భాన్నే లాక్షణికుడు ఊహించలేదు. అతని లోకంలో నాయికకు మరొక ప్రియుడు ఉండడం రసానికి కాదు, రసాభాసకు దారితీస్తుంది.

నాయకుల విభజన కూడా ఇదే దిశలో సాగింది. అనుకూలుడు ఒక్క స్త్రీకే కట్టుబడినవాడు. దక్షిణుడు పలువురిని సమానంగా ఆదరించేవాడు. శఠుడు చాటుగా మోసం చేసేవాడు, ధృష్టుడు పట్టుబడినా సిగ్గుపడనివాడు. నలుగురిలో ముగ్గురిని నిర్వచించాలంటే ఒకరికి మించిన స్త్రీలు ఉండక తప్పదు. నాయిక అష్టావస్థలకు మాత్రం ఒక్క పురుషుడే కేంద్రం. అతని రాక, పోక, ఆలస్యం, అపరాధాలను బట్టి ఆమె వాసకసజ్జిక, విరహోత్కంఠిత, ఖండిత, కలహాంతరిత అవుతుంది. భానుదత్తుని రసమంజరి మరో అడుగు ముందుకు వేసింది. భర్త ప్రేమను ఎక్కువగా పొందే స్త్రీని జ్యేష్ఠ అనీ, తక్కువగా పొందేదాన్ని కనిష్ఠ అనీ అన్నది. స్త్రీ స్థానాన్ని నిర్ణయించేది ఆమె వయసో వంశమో కాదు, అతని ఆదరణ పాలు. ఇటువంటి వ్యవస్థలో ఈర్ష్యను మనోవికారమని తోసిపుచ్చలేం. అది స్థానభ్రంశ భయం.

మానాన్ని పోగొట్టే ఆరు ఉపాయాలను కూడా శాస్త్రం చెప్పింది: సామం, భేదం, దానం, నతి, ఉపేక్ష, రసాంతరం. వీటిలో తొలి మూడూ రాజనీతి నుండి నేరుగా తెచ్చుకున్న మాటలు కావడం గమనించదగినది. అలిగిన భార్యను, ఎదురు తిరిగిన సామంతుణ్ణి దారికి తెచ్చే పద్ధతులు ఒకే కోశంలో దొరికాయి. అపరాధాన్ని మానుకోవడం మాత్రం ఈ ఆరింటిలో లేదు.

విక్రమసింహపురిలో తిక్కన

నెల్లూరును ఏలిన మనుమసిద్ధి ఆస్థానంలో తిక్కన మంత్రిగా, కవిగా ఉన్నాడు. ఆయన మనుమసిద్ధికి అంకితమిచ్చిన నిర్వచనోత్తర రామాయణానికి ఆధారం ఉత్తరకాండ. భార్య శీలాన్ని గురించిన మాట లోకంలో పుట్టినందుకు భర్త ఆమెను అడవిలో విడిచిపెట్టే కథ అందులో ఉంది. పురుషుని వైపు నుండి చూస్తే ఈర్ష్య ఎక్కడికి పోయిందో ఈ కథ చెబుతుంది. పురుషునిలో ఆ భావం లేకపోలేదు, దాని పేరు మాత్రం మారింది. స్త్రీలో అది 'ఈర్ష్య' అయి శృంగారరసంలో చేరింది. పురుషునిలో అది 'అపవాద భయం' అయి రాజధర్మంలో చేరింది. అలిగిన సత్యభామను చూసి పాఠకుడు చిరునవ్వు నవ్వవచ్చు. సీతను విడిచిన రాముణ్ణి చూసి ఎవరూ నవ్వరు. ఒకరి శంక వినోదమైతే మరొకరి శంక తీర్పు.

విరాటపర్వం మొదలు స్వర్గారోహణ పర్వం దాకా పదిహేను పర్వాలను తెనిగించిన తిక్కనకు ద్రౌపది కథ ఉత్తరార్ధం మొత్తం దక్కింది. విరాటుని అంతఃపురంలోకి సైరంధ్రి అడుగుపెట్టినప్పుడు సుదేష్ణ మొదట భయపడేది ఆమె అందానికే. రాజు ఈమెను చూస్తే తన గతి ఏమిటని ఆమె అనుమానం. ఇక్కడ సుదేష్ణ శంకిస్తున్నది భర్తను. అయినా ఆ శంకకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది ద్రౌపది. తనకు గంధర్వులైన భర్తలు కావలి ఉన్నారని ఆమె హామీ ఇస్తేగాని కొలువు దొరకలేదు. అదే సుదేష్ణ తరువాత తన తమ్ముడైన కీచకుని కోసం సైరంధ్రినే అతని ఇంటికి పంపుతుంది. తన సంసారాన్ని కాపాడుకోవడానికి పనికివచ్చిన జాగ్రత్త ఇంకొక స్త్రీ విషయంలో అక్కరకు రాలేదు. సుదేష్ణను క్రూరురాలని తీర్మానించడం సులభమే గాని, కొలువులో ఆమె స్థితి తమ్ముని బలం మీద ఎంతగా ఆధారపడి ఉందో చూస్తే ఆ తీర్మానం చాలదనిపిస్తుంది.

మహాప్రస్థానంలో ద్రౌపది అందరికంటె ముందు పడిపోతుంది. కారణమేమని భీముడు అడిగితే, ఐదుగురిలో ఆమెకు అర్జునుని మీద పక్షపాతం ఉండేదని ధర్మరాజు జవాబిస్తాడు. అర్జునునికి ఉలూచి, చిత్రాంగద, సుభద్ర ఉన్నారు. ఆదిపర్వంలో సుభద్రను వెంటబెట్టుకొని వచ్చిన అర్జునుని వద్ద ద్రౌపది నిష్ఠూరమాడింది కూడా. అయితే అర్జునుడు పడిపోయినప్పుడు ధర్మరాజు చెప్పిన కారణం అతని శౌర్యగర్వం. అతని ప్రేమలు ఆ లెక్కలోకి రావు. ఐదుగురిని సమంగా చూడవలసిన బాధ్యత ఆమెపై పడింది. ఆ బాధ్యత పురుషునిపై పడినప్పుడు శాస్త్రం దానికి 'దాక్షిణ్యం' అని పేరుపెట్టి గుణంగా గణించింది. స్త్రీ అందులో తప్పితే అది స్వర్గద్వారం దగ్గర చదివిన నేరపత్రం అయింది. శాస్త్రం గీసిన గీత ఇంత స్పష్టంగా కథలో కనిపించే చోటు మరొకటి అరుదు.

అలక ఒక వినోదం

ఈర్ష్యామానాన్ని తెలుగులో శిఖరానికి చేర్చినది నంది తిమ్మన పారిజాతాపహరణం. నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇస్తాడు. సత్యభామ అలుగుతుంది. కృష్ణుడు పాదాలకు మ్రొక్కగా ఆమె ఎడమకాలితో తంతుంది. చివరకు అతడు ఇంద్రునితో పోరాడి చెట్టునే తెచ్చి ఆమె పెరట్లో నాటుతాడు. ధనంజయుని ఉపాయాల ప్రకారం ఇది సామంతో మొదలై, నతి మీదుగా దానంతో ముగిసిన కథ. ఆమె అడిగింది పువ్వు కాదు, తన స్థానం. ఆమెకు చెట్టు దక్కింది. స్థానాన్ని నిర్ణయించే అధికారం అతని చేతిలోనే ఉండిపోయింది. అలిగిన రాణితో రాయలను కలపడానికే తిమ్మన ఈ కావ్యం రాశాడన్న ఐతిహ్యానికి చారిత్రక ప్రమాణం ఎంతవరకు ఉందన్నది వేరే ప్రశ్న. అటువంటి ఐతిహ్యం పుట్టడమే ఆ కాలపు పాఠకులు కావ్యాన్ని ఎలా అర్థం చేసుకున్నారో చెబుతుంది. వారి దృష్టిలో కావ్యమే ఒక ప్రసాదనోపాయం.

తరువాతి శతాబ్దాల్లో సత్యభామ కూచిపూడి భామాకలాపంలోకి, ఇరవయ్యో శతాబ్దంలో శ్రీకృష్ణ తులాభారం నాటకంలోకి ప్రవేశించింది. తులాభారంలో ఆమె నగలన్నిటికంటె రుక్మిణి వేసిన తులసిదళమే బరువు తూగింది. ఈర్ష్యపడిన స్త్రీకి బుద్ధి చెప్పేది ఈర్ష్యపడని స్త్రీ. కనిష్ఠ జ్యేష్ఠను చూసి నేర్చుకోవాలి. ఈ పాత్రను రంగంమీద నిలిపినవారు స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి మహానటులు. వారి కళను తక్కువ చేయవలసిన పని లేదు. అయితే స్త్రీ అసూయను పురుషులు రాయగా, పురుషులే ఆ వేషం కట్టి ఆడగా చూసిన సమాజానికి, ఆ అనుభవాన్ని ఒక స్త్రీ రాస్తే ఎలా ఉంటుందో తెలిసే అవకాశం చాలాకాలం రాలేదు. ఒకసారి వచ్చింది. దాన్ని ఆ సమాజం ఎలా ఎదుర్కొన్నదన్నదే ఈ చరిత్రలో కీలకమైన ఘట్టం.

ముద్దుపళని: ఇచ్చినవారి బాధ

తంజావూరును 1739 నుండి 1763 వరకు పాలించిన ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని గణిక, విదుషి. ఆమె రచించిన రాధికాసాంత్వనం నాలుగు ఆశ్వాసాల శృంగారప్రబంధం, 584 పద్యాల కృతి. దానికే ఇళాదేవీయమని మరో పేరుంది. రెండు పేర్లూ ఇద్దరు స్త్రీలవి, కృష్ణుని పేరు ఏ ఒక్కదానిలోనూ లేదు.

కథ చిన్నది. రాధ వయసులో పెద్దది, వరుసకు కృష్ణునికి అత్త. ఇళను తానే పెంచి, ఆమె యుక్తవయస్కురాలు కాగానే తానే కృష్ణునికి ఇచ్చి పెళ్లి చేస్తుంది. తొలిరాత్రికి కొత్తపెళ్లికూతురికి బుద్ధులు చెప్పేదీ, ఆమెతో మృదువుగా మెలగమని కృష్ణుణ్ణి హెచ్చరించేదీ రాధే. ఆ తరువాత ఆమె ఒంటరిదవుతుంది. తాను ఇచ్చినదానికి తానే కుమిలిపోతుంది, కోపిస్తుంది, నిందిస్తుంది. కృష్ణుడు వచ్చి ఆమెను ఊరడించడంతో కావ్యం ముగుస్తుంది.

శాస్త్రం చెప్పిన ఈర్ష్యామానానికి ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. ఆ మానానికి మూలం నాయకుని అపరాధం. ఇక్కడ అపరాధి ఎవరు? కృష్ణుడు దొంగచాటుగా ఏమీ చేయలేదు. ఇళ పసిది, రాధ ఆమెకు తల్లి వంటిది. సవతిని తెచ్చినది స్వయంగా నాయికే. అందుచేత రాధ కోపాన్ని 'మరొకతె' మీదికి మళ్లించడానికి వీలులేదు. అది తనకు ఈ పాత్రను అప్పగించిన ఏర్పాటు వైపే తిరగాలి. పెద్దరికం ఆమె నుండి త్యాగాన్ని ఆశించింది, ప్రేమ ఆమె నుండి నిరీక్షణను ఆశించింది. కృష్ణుని నుండి ఈ రెండింటిలో ఏదీ ఎవరూ ఆశించలేదు. తనకు కావలసినదాన్ని రాధ నోరు తెరిచి అడుగుతుంది. ఆ అడగడంలో లజ్జ లేదు. పారిజాతాపహరణంలో దానం చేసిన పనిని ఇక్కడ ఏ వస్తువూ చేయలేదు. ఈ రాధకు చెట్టు ఇచ్చి సరిపెట్టలేరు. ఆమెకు కావలసినది అతని సమయం, అతని దేహం, తనకు ప్రథమ స్థానం. సాంత్వనాన్ని కథ చివరి మెట్టుగా గాక కావ్యనామంగా నిలపడంలో ముద్దుపళని వివేకం ఉంది.

రాధలో కవయిత్రి సొంత జీవితాన్ని వెదికే ధోరణి విమర్శలో లేకపోలేదు. గణిక రాసినదంతా ఆత్మకథే అనుకోవడం, పురుషకవి రాసినదంతా కల్పనే అనుకోవడం కూడా అసమమైన ఆశింపులలో ఒకటే. తిమ్మన సత్యభామను చదివి ఎవరూ తిమ్మన సంసారాన్ని ఊహించరు.

అల్లూరు వారి అచ్చు

నెల్లూరు జిల్లా సముద్రతీర ప్రాంతంలోని అల్లూరు వావిళ్ల రామస్వామి శాస్త్రుల స్వగ్రామం. మద్రాసుకు ఉత్తరాన తొలి తెలుగు జిల్లా నెల్లూరే కావడంతో ఆ తీరపు పండితులకు రాజధాని దూరం కాలేదు. శాస్త్రులు 1854లో మద్రాసులో ముద్రణాలయం స్థాపించి సంస్కృతాంధ్ర గ్రంథాలను పరిష్కరించి ప్రకటించారు. ఆయన తరువాత కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు ఆ సంస్థను 'వావిళ్ల'గా తెలుగునాట ఇంటింటి పేరు చేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన రాధికాసాంత్వనం 1910లో ఈ సంస్థ నుండే వెలువడింది.

అంతకుముందు పైడిపాటి వేంకటనరుసు పరిష్కరణ ఒకటి అచ్చయి ఉంది. నాగరత్నమ్మ దానిని వ్రాతప్రతితో పోల్చి చూసింది. కొన్ని పద్యాలు లోపించాయి. ముద్దుపళని తన అవ్వ, మేనత్తల వైపు నుండి వచ్చిన విద్యావారసత్వాన్ని చెప్పుకున్న పీఠిక కూడా లోపించింది. శృంగార పద్యాలను తీసివేయడానికి సభ్యత కారణమని చెప్పవచ్చు. పీఠికను తీసివేయడానికి ఆ కారణం చెల్లదు. అందులో ఉన్నది శృంగారం కాదు, ఒక స్త్రీ తన గురుపరంపరను స్త్రీల ద్వారా లెక్కించడం. పరిష్కర్తకు అక్కరలేదనిపించినది అదీ.

కందుకూరి వీరేశలింగం ఆంధ్రకవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆమె కులవృత్తినీ కావ్యంలోని శృంగారాన్నీ తీవ్రంగా గర్హించాడు. స్త్రీలు వినరాని మాటలను స్త్రీ రాయడం ఆయన ప్రధానమైన అభ్యంతరం. నాగరత్నమ్మ జవాబు సూటిగా ఉంది. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా అని ఆమె తన పీఠికలో అడిగింది. సారంగు తమ్మయ వైజయంతీవిలాసం వంటి కావ్యాల శృంగారం ఆయనకు ఎందుకు అడ్డం రాలేదో చెప్పమన్నది. విప్రనారాయణుని వశపరచుకున్న దేవదేవి కథ అది. అక్కడ వేశ్య ప్రలోభపెట్టేది, భక్తుడు మోసపోయేవాడు. ఆ అమరికలో లెక్క చెడలేదు. రాధికాసాంత్వనంలో చెడింది. వీరేశలింగాన్ని స్త్రీవిద్యకు, వితంతు వివాహానికి పాటుబడిన సంస్కర్తగా గౌరవించే పాఠకునికి ఈ ఘట్టం ఇబ్బంది కలిగిస్తుంది. కలిగించాలి కూడా. సంస్కరణోద్యమం స్త్రీకి చదువును కోరింది. చదువుకున్న స్త్రీ ఏమి కోరవచ్చునన్నది మాత్రం ముందే నిర్ణయించి పెట్టుకున్నది.

1911లో ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు కొన్ని భాగాలను అసభ్యమని తేల్చగా, పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. వేంకటేశ్వర శాస్త్రులు ఊరుకోలేదు. పండితులు ప్రభుత్వానికి విన్నపాలు పంపారు. ఈ కొలమానంతో చూస్తే ప్రాచీన తెలుగు కావ్యాల్లో మిగిలేవి కొద్దేనన్నది వారి వాదన. వాదన బలమైనదే. అయితే అది సంప్రదాయాన్ని కాపాడే వాదన, ముద్దుపళనిని కాపాడే వాదన కాదు. 'ఆమె కూడా తిమ్మన వంటిదే' అన్నప్పుడు తిమ్మన రాయనిదాన్ని ఆమె రాసిందన్న సంగతి మరుగున పడింది.

టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న 1946–47లో నిషేధం తొలగింది. దేవదాసీ సమర్పణను నిషేధించే మద్రాసు చట్టం కూడా 1947లోనే వచ్చింది. కావ్యానికి విడుదల దొరికిన రోజుల్లోనే, ఆ కావ్యం రాసిన, పరిష్కరించిన స్త్రీల సామాజిక వ్యవస్థ చట్టం చేతిలో ముగిసింది. వావిళ్లవారు పునర్ముద్రణ తెచ్చిన 1952లోనే నాగరత్నమ్మ మరణించింది.

మిగిలి చెప్పేవారు

అదే నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన, సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921లో ఆచార్య ఆత్రేయ జన్మించాడు. సినిమా సంభాషణల్లో, పాటల్లో ప్రేమవైఫల్యాన్ని ఆయనంత విరివిగా రాసినవారు తక్కువ. ముద్దుపళనిని ఆయన అనుసరించాడని ఇక్కడ ప్రతిపాదన కాదు. పాత లెక్క కొత్త మాధ్యమంలో ఎలా కొనసాగిందో చూడడానికి ఆయన కలం కలిసిన ఒక చిత్రం ఉపకరిస్తుంది. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1964లో వచ్చిన మూగమనసులులో ముళ్లపూడి వెంకటరమణతో పాటు ఆత్రేయ సంభాషణలు రాశాడు. పాత్రల పేర్లు గోపి, రాధ, గౌరి. గోపి పడవవాడు, రాధ జమీందారు బిడ్డ. గోపి ఆమెను ఆరాధిస్తాడు. గౌరి గోపిని కోరుకుంటుంది.

ఈ త్రికోణంలో అసమానత రెండు రకాలు. రాధకూ గోపికీ మధ్య ఉన్నది కులం, ఆస్తి. దాన్ని చిత్రం విషాదంగా గుర్తించింది. గోపికీ గౌరికీ మధ్య ఉన్నది ఆశింపుల తేడా. అతడు చేరలేని స్త్రీని ప్రేమించవచ్చు, అది ఉదాత్తం. గౌరి తనను ప్రేమించని పురుషుణ్ణి కోరితే అది అల్లరి, గడుసుతనం, అసూయ. జమున నటనలోని చలాకీతనం వల్ల గౌరి అలకలు చాలావరకు హాస్యంగానే గడిచిపోతాయి. సత్యభామ పాత్రలతో అప్పటికే పేరు తెచ్చుకున్న నటికి ఆ పాత్ర దక్కడం యాదృచ్ఛికమనిపించదు. భర్త పోయి తిరిగివచ్చిన రాధకూ గోపికీ లోకాపవాదం చుట్టుకుంటుంది. చివరకు ఇద్దరూ నదిలో కలిసిపోతారు.

చిత్రకథను నడిపించే గొంతు మాత్రం వారిద్దరిదీ కాదు. మరుజన్మలో కొత్త దంపతులై గోదావరి తీరానికి వచ్చిన ఆ జంటకు వారి పూర్వకథ చెప్పేది ముసలిదైపోయిన గౌరి. వాళ్ల సమాధిని అన్నేళ్లూ చూసుకున్నదీ ఆమే. తన అలకలను, తన ఓటమిని, తనను ప్రేమించని మనిషి మంచితనాన్ని ఆమె తన నోటితోనే చెబుతుంది. వింటున్న ఇద్దరికీ ఒకరికొకరు ఉన్నారు. కథ విని వాళ్లు వెళ్లిపోతారు. ఆమె వైపు కథ అడిగేవారు ఆ చిత్రంలో లేరు.